మోకాలు వంచని ఇల్లు

గ్రీకుల పాత వీరకావ్యం ఒకటి మాకు బడిలో చదివించారు. చదివించారు అనటం మర్యాద కోసం, నిజానికి నోట్లో కుక్కారు. మధురలో పాదిరీలు నడిపే ఇంగ్లీషు బడి అది. కుంపిణీ రాజ్యం ఇంకా పోని రోజులు. పై తరగతిలో పదకొండుమందిమి ఉండేవాళ్ళం, అందరికీ కలిపి రెండే పుస్తకాలు. మా పంతులు దొర ఒక్కో పాదం చదివేవాడు, మేము వెనకాలే అరిచేవాళ్ళం. అర్థం తర్వాత చెబుతానని ఆయన మొదటి రోజే మాట ఇచ్చాడు. ఆ తర్వాత వచ్చేసరికి వానాకాలం వెళ్ళిపోయింది.

అర్థం తెలిశాక నాకు ఇంకా ఒళ్ళు మండింది. వేలమంది పడవలెక్కి వచ్చి ఒక కోట ముందు పదేళ్ళు కూర్చుంటారట. వాళ్ళలో అందరికంటే మొనగాడు ఒకడు. చెరపట్టి తెచ్చుకున్న ఆడపిల్లను సేనాధిపతి లాక్కున్నాడని వాడు మూతి ముడుచుకొని గుడారంలో కూర్చుంటాడు. బయట తనవాళ్ళు ఈగల్లా చస్తుంటే లోపల వీణ వాయించుకుంటాడు. పైగా సముద్రం ఒడ్డుకు పోయి అమ్మను పిలిచి ఏడుస్తాడు. మా ఊళ్ళో అయితే అలాంటివాణ్ణి ఎడ్లకు నీళ్ళు పెట్టటానికి కూడా నమ్మరు. "లోకంలో ఇంతకంటే గొప్ప కావ్యం లేదు" అని దొర కళ్ళు మూసుకొని అనేవాడు. ఆయన కళ్ళు మూసుకున్నప్పుడల్లా నా పక్కన కూర్చున్న వకీలు కొడుకు వక్క నోట్లో వేసుకునేవాడు. కావ్యం వల్ల ఆ తరగతిలో లాభపడ్డవాడు వాడొక్కడే.

మాది తిరుమంగళం దాటి దక్షిణంగా పోతే వచ్చే నల్లరేగడి ఊరు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. మా తాతముత్తాతలు ఎప్పుడు ఆంధ్రదేశం వదిలి వచ్చారో మాలో ఎవరికీ తెలియదు గాని, రాజుల వెంట వచ్చామని మాత్రం అడక్కపోయినా చెబుతారు. తెలుగు మాట్లాడటమే తప్ప చదవటం మా ఊళ్ళో ఒక్కడికీ రాదు. నేనూ అక్షరాలు నేర్చుకున్నది ముప్పై ఏళ్ళు దాటాకే. అందుకే ఈ సంగతి ఇంత ఆలస్యంగా రాస్తున్నాను.

మా ఇంటికి ఒక గొప్ప ఉంది. కుంపిణీ పటాలం మా పాళెం మీదికి వచ్చి కోట పడగొట్టినప్పుడు, పాళెగాడి దండులో ఈటె పట్టిన మా తాతను కోట వాకిట చింతచెట్టుకు ఉరి తీశారు. మా గొప్ప అది కాదు. ఉరి తీసిన కొడుకు శవం కోసం కూడా మా ముత్తాత తెల్లదొర ముందు మోకాలు వంచలేదు, అదీ మా గొప్ప. ముత్తాత పోయాక చేను గట్టున ఆయనకు రాయి నాటారు. ఏటా ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, దాని ముందు ఉరుమి డప్పుల మేళం కొట్టిస్తారు. మగవాళ్ళందరూ తలపాగాలు చుట్టుకొని నిలబడి, "వంచలేదు, వంచం" అని అరుస్తారు. అప్పటినుంచి మా ఇంటి మగవాడు ఎవడూ నేలకు మోకాలు ఆనించకూడదని కట్టుబాటు. గుడిలో దేవుడి ముందైనా నిలబడే దండం పెడతాం. చేలో కలుపు తీయాలంటే మోకాళ్ళ మీద జరగాలి కాబట్టి ఆ పని ఆడవాళ్ళది. ఇది ఎంత సౌకర్యమైన పౌరుషమో చిన్నప్పుడు నాకు తట్టలేదు. నేనూ అందరికంటే గట్టిగా అరిచేవాణ్ణి.

ఉరి తీసినవాడికి మాత్రం రాయి లేదు. శవమే దొరకనివాడికి ఎక్కడ నాటుతారని పెద్దలనేవారు. ఆయన పెళ్ళాం, అంటే మా అవ్వ, నా చిన్నతనంలో మా ఇంట్లోనే ఉండేది. డెబ్బై ఏళ్ళకు దగ్గరపడ్డ మనిషి, మాటలు తక్కువ. ఉరుమి మోగే రోజున అవ్వకు ఎప్పుడూ కాళ్ళనొప్పులు వచ్చేవి, రాయి దగ్గరికి వచ్చేది కాదు. మర్నాడు మళ్ళీ కలుపుకు పోయేది.

ఆ ఏడు పరీక్షల రోజుకు కలెక్టరు దొర వస్తున్నాడని తెలిసి మా పంతులు దొరకు పిచ్చెక్కింది. కావ్యంలో ఒక ఘట్టాన్ని వేషాలు కట్టి ఆడించాలన్నాడు. ఏ ఘట్టమంటే, ఆ మూతిముడుపు వీరుడు చివరికి లేచి, కోటలో ముసలి రాజు కొడుకును చంపుతాడు. చంపి ఊరుకోడు. శవాన్ని రథానికి కట్టి ఈడుస్తాడు, దహనానికి ఇవ్వనంటాడు. అప్పుడు ముసలి రాజు శత్రువు గుడారానికి ఒంటరిగా వచ్చి, మోకాళ్ళ మీద పడి, కొడుకును చంపిన చేతినే ముద్దుపెట్టుకొని శవాన్ని ఇమ్మని అడుగుతాడు. వీరుడి వేషం వకీలు కొడుక్కి ఇచ్చారు. పొడుగ్గా, ఎముకలు బయటపడి, గొంతు బొంగురుపోయి ఉన్నానని ముసలి రాజు వేషం నాకు తగిలించారు.

నాకు తల కొట్టేసినట్టయింది. నిలబడి అడుగుతానని దొరను బతిమాలాను. మా ఇంటి కట్టుబాటు చెప్పాను. ఆయన ఓపికగానే విన్నాడు.

"నిలబడి ఎవడూ కొడుకు శవాన్ని అడగడు," అన్నాడు. "మోకాలు వంచనంటే రేపటినుంచి బడికి రాకు. వంచి బాగా చెప్పావంటే కలెక్టరు కచేరీలో తర్జుమా పనికి నీ పేరు చెబుతాను."

బడి పోతే నాకు మిగిలేది ఎడ్లు, ఉరుమి మేళం. మోకాలు వంచితే ఇల్లు పోతుంది. మూడు రోజులు ఆలోచించినట్టు నటించి, నాలుగో రోజు వంచాను. పుట్టి బుద్ధెరిగాక నా మోకాళ్ళు నేలకు తగలటం అదే మొదలు. నేల చల్లగా ఉంది, అంతే. ముత్తాత వచ్చి నా గొంతు పట్టుకోలేదు. వకీలు కొడుకు మాత్రం ముద్దు కోసం చెయ్యి చాచి కళ్ళతో నవ్వాడు. ఆ చెయ్యి వక్క కంపు కొట్టింది.

సరిగ్గా అదే వారంలో మా మామ, అంటే అమ్మ తమ్ముడు, పత్తి బండితో మధుర వచ్చాడు. అమ్మ నాకోసం చేసి పంపిన నువ్వులుండలు ఇచ్చిపోదామని బడికి వచ్చి కిటికీలోంచి తొంగిచూశాడు. లోపల నేను మోకాళ్ళ మీద ఉన్నాను, కళ్ళ నీళ్ళు కారుస్తున్నాను. నా నెత్తిమీద తెల్ల పాదిరీ చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. గొంతు ఇంకా పెంచమని చెప్పటానికి ఎత్తిన చెయ్యి అది. మామకు అదెలా తెలుస్తుంది? నువ్వులుండలతో సహా బండి తిప్పేశాడు. "వాడు వేదంలో కలిసిపోయినాడు" అని ఊరంతా చెప్పాడు. కిరస్తానీల్లో చేరితే మావాళ్ళు అనే మాట అది.

అయిదో రోజు నాయన, పెదనాయన వచ్చి నన్ను బండెక్కించారు. కలెక్టరు రావటానికి పది రోజులే ఉన్నాయి. దారి పొడుగునా నాయన నా ముఖం చూడలేదు. దాహమంటే పెదనాయన పైనుంచి నా దోసిట్లో నీళ్ళు పోశాడు, చెంబు నాకు తగలకుండా. ఇంటికి చేరేసరికి వాకిట్లో పంచగవ్యం సిద్ధంగా ఉంది, గుండు గీయటానికి మంగలి కత్తి నూరుతున్నాడు. తిన్నె మీద కూట్టం, అంటే కుల పెద్దల పంచాయితీ, కూర్చుంది. నేను ఒట్టేసి చెప్పాను, అది వేషమని, పుస్తకంలో కతేనని. పెదనాయన నమ్మలేదు.

"కత అంటివి గదా, సరి, చెప్పు. మేమూ విందుము," అన్నాడు.

ఇంగ్లీషు కావ్యాన్ని మా ఊరి తెలుగులోకి, తెలుగు చాలనిచోట అరవంలోకి, వాకిట్లో నిలబడి దించాను. కచేరీలో తర్వాత ముప్పై ఏళ్ళు చేసిన పని మొదట చేసింది అక్కడే. చెబుతుంటే కూట్టానికి హుషారు పుట్టింది. నా గుండు సంగతి మరిచిపోయారు. వీరుడు శవాన్ని రథానికి కట్టి ఈడ్చిన చోట మామ తొడ చరిచాడు.

"అట్లుండాల మగోడంటే!" అన్నాడు.

ఆ వీరుణ్ణి అసహ్యించుకున్నది నేనొక్కణ్ణేనని తేలింది. తర్వాత ముసలి రాజు ఒంటరిగా బయలుదేరాడని, గుడారానికి పోయి మోకాళ్ళ మీద పడ్డాడని చెప్పాను. అంతే, తిన్నె మీద అందరూ ఒక్కసారి లేచారు.

"థూ! వాడు రాజా? వానికి మానం లేదా?" అన్నాడు మామ.

"మా తాతను చూసి నేర్చుకోవాల్సింది," అని పెదనాయన మీసం దువ్వాడు. "శవం పోతే పోనీ, మోకాలు వంచినాడా మా తాత? ఆ ముండాకొడుకు వేషమాప్పా నీకు ఇచ్చింది?"

నేను ఏం చేశానో రాయటానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. బతికిపోదామని వాళ్ళతో గొంతు కలిపాను. "నాకూ వాడంటే అసహ్యమే పెదనాయనా. వట్టి పిరికిముసలాడు," అన్నాను. అందరూ నవ్వారు. నాయన కూడా అప్పుడే మొదటిసారి నా వైపు చూశాడు.

"ముసలాడు పోయినాడా?"

నడిమింటి గడపలోంచి అవ్వ గొంతు. కూట్టంలో ఆడవాళ్ళు మాట్లాడరు కాబట్టి ఎవరూ వినిపించుకోలేదు.

"అడుగుతుండానే. ఆ ముసలాడు కొడుకు కోసరం పోయినాడారా?"

"పోయినాడవ్వా," అన్నాను.

"ఒంటిగానా?"

"ఒంటిగానే."

అవ్వ గడప దాటి వచ్చింది. "అమ్మా, లోపలికి పో," అన్నాడు పెదనాయన.

"లోపలే ఉండానురా, యాభై ఏండ్లుగా," అంది అవ్వ. నా వైపు తిరిగి చెప్పింది, వాళ్ళ వైపు చూడను కూడా లేదు. "మీ తాత మూడు దినాలు చింతమానుకే ఉండాడు. రెండోనాడు కోటకాడ నీళ్ళు మోసేవాడు వచ్చి మా మామకు, అదే మీ ముత్తాతకు, చెప్పినాడు. తండ్రి వచ్చి మోకాలేసి అడిగితే దించి ఇస్తానని దొర చెప్పి పంపినాడంట. నేను మామ కాళ్ళు పట్టుకుంటిని. పెద్దోడు నా చంకలో, మీ నాయన కడుపులో. పొండి మామా, ఒక్క మాట అడగండి అంటిని. ఏమన్యాడో తెలుసునా? తెల్లోడి ముందర మోకాలేస్తే నా పేరు ఏమి కాను అన్యాడు. పేరంట, పేరు!"

"అమ్మా, ఇదంతా ఇప్పుడెందుకు?" అన్నాడు నాయన. అవ్వ ఆగలేదు.

"కప్పేదానికి కొత్త గుడ్డ ఎత్తుకొని నేనే పోతిని. ఆడదానికి ఇవ్వం, తండ్రిని రమ్మను అని కావలోడు తరిమినాడు. వాని ముందర మోకాళ్ళ మీద పడితిని. చింతమాను నాకు కనపడతానే ఉండాది. మూడోనాడు తాడు కోసి ఎక్కడో పారేసినారు. ఎక్కడో నాకు ఈనాటికీ తెలీదు. అడగనోనికి రాయి నాటి, మేళం కొట్టి, వంచం వంచం అని అరుస్తుండారు మీరు. థూ! మీ పౌరుషం మీద మన్ను పొయ్య."

పెదనాయన చెయ్యి ఇంకా మీసం మీదే ఉంది, దాన్ని ఎలా దించాలో ఆయనకు తోచినట్టు లేదు. దొర కబురు పంపిన సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పలకలేదు. కొందరికి తెలుసని ముఖాలు చూస్తే అర్థమైంది. నేను నేల చూపులు చూశాను. పిరికిముసలాడు అన్న నా మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది.

అవ్వ లోపలికి పోయి కొయ్యపెట్టె తెరిచిన చప్పుడైంది. మడతలు పసుపుపచ్చగా మారిన గుడ్డ ఒకటి తెచ్చింది. వేపాకు వాసన కొట్టింది.

"మీ ఆటలో శవానికి ఏమి పెట్టినారురా?"

"వరిగడ్డి బొమ్మ అవ్వా."

"దాని మీద ఇది కప్పు. నువ్వు మళ్ళా ఆ ఇంగ్లీసు పళ్ళికూటానికి పో. మోకాలెయ్యి. ఈ ఇంట్లో ఒక్కడన్నా పోయి అడగనీ."

ఆమెకు ఎదురు చెప్పే మొనగాడు ఆ కూట్టంలో లేడు. మంగలి కత్తి మడిచి సంచిలో పెట్టుకున్నాడు. మర్నాడు పొద్దున్నే మామే బండి కట్టి నన్ను మధురకు తీసుకొచ్చాడు. దారిలో చెంబు నా చేతికే ఇచ్చాడు.

పరీక్షల రోజున కలెక్టరు దొర రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. వచ్చి కూర్చొని, మొదటి పద్యానికే ఆవులించాడు. పంతులు దొర కళ్ళు మూసుకొని పెదవులు కదుపుతున్నాడు. వకీలు కొడుకు అట్ట కవచం తొడుక్కొని, పాఠం మరిచిపోయి, నేను అందిస్తే పలికాడు. ఇంతమంది పనికిమాలినవాళ్ళ ముందు ఒక తండ్రి దుఃఖం పెట్టాల్సి వచ్చిందే అని నాకు కడుపు మండింది. గడ్డిబొమ్మ ఒక మూల పడి ఉంది. దాని మీద అవ్వ ఇచ్చిన గుడ్డ కప్పాను. పంతులు దొర కళ్ళు తెరిచి, అది అభ్యాసంలో లేదన్నట్టు చూశాడు. నేను మోకాళ్ళు వంచాను.

చిలకలా అరుస్తూ వచ్చిన పాదాలు అవి. ఆ పూట మాత్రం ఎదుట వకీలు కొడుకు లేడు, చింతచెట్టు కింద కావలివాడు ఉన్నాడు. నేను ముసలి రాజును కాను, పదిహేడో పద్దెనిమిదో ఏళ్ళ ఆడమనిషిని. నాకు ఏడుపు ఆగలేదు. చివరి పాదాలు సగం మింగేశాను. కలెక్టరు దొర నిటారుగా కూర్చున్నాడు, పిల్లవాడు భలే నటించాడన్నాడట. ఆ మాట మీదే నాకు కచేరీ పని దొరికింది. ఆ కావ్యం అంత గొప్పదని నేను ఇప్పటికీ ఒప్పుకోను. ఆ వీరుడు ఇప్పటికీ నా కళ్ళకు మూతిముడుపు వెధవే. ముసలివాణ్ణి తిట్టటం మాత్రం ఆ రోజుతో మానేశాను.

దొరలు తేనీళ్ళకు వెళ్ళగానే బడి తోటమాలి గడ్డిబొమ్మను పశువులకు వేయటానికి ఎత్తుకుపోబోయాడు. వాడి చేతిలోంచి లాక్కున్నాను. మిట్టమధ్యాహ్నం వైగై ఇసకలో దాన్ని గుడ్డతో సహా పడుకోబెట్టి నిప్పు పెట్టాను. మంత్రాలు రావు. వచ్చినవి ఇంగ్లీషు పాదాలు, అవి చెప్పబుద్ధి కాలేదు. ఊరికే నిలబడ్డాను. ఎండుగడ్డి ఎంతసేపు కాలుతుంది? ఆరిపోయాక మోకాళ్ళ మీద కూర్చొని బూడిద పోగుచేసి, సన్నటి పాయలో కలిపాను. బట్టలు ఉతుక్కునేవాళ్ళు చూసి నవ్వారు, నవ్వుకోనిచ్చాను.

రెండు రోజుల తర్వాత ఊరు చేరాను. నాయన, పెదనాయన, మామ తిన్నె మీదే ఉన్నారు. అవ్వ పెరట్లో ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. నన్ను చూసి చేతులు ఆపింది.

"ఇచ్చినాడా?" అంది.

కూట్టంలో నా కత సగంలోనే ఆగిపోయిందని అప్పుడు గుర్తొచ్చింది. ఇన్ని రోజులూ ఆమెకు దాని ముగింపు తెలియదు.

"ఇచ్చినాడవ్వా."

"ఎట్ల ఇచ్చినాడు?"

"నీళ్ళతో కడిగించి, నూనె పూయించి, మంచి గుడ్డ చుట్టించి, తానే ఎత్తి బండిలో పడుకోబెట్టినాడు. సావు దినాలు అయ్యేదాకా యుద్ధం నిలుపుతానని కూడా చెప్పినాడు."

"ఆ సంపినోడేనా?"

"ఆ సంపినోడే."

అవ్వ ఒడిలోంచి ఒక మిరపకాయ తీసి తొడిమ తుంచింది. "అడిగితే ఇస్తారురా," అంది. మళ్ళీ, "గుడ్డ కప్పినావా?" అంది.

"కప్పినా. వైగై ఇసకలో కాల్చినా. బూడిద నీళ్ళలో కలిపినా."

ఆమె ముఖం ఒక్కసారి చిన్నపిల్ల ముఖంలా నలిగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చప్పుడు లేకుండా ఏడ్చింది. తర్వాత చేతులు దులుపుకొని, గోడ పట్టుకొని లేచింది.

"మీ అమ్మను నీళ్ళు కాచమను. తలకు పోసుకోవాల."

చావు ఇంట్లో దహనం అయ్యాక పోసుకునే స్నానం అది. అమ్మ పొయ్యి రాజేసింది. సాయంకాలం అవ్వ తడితలతో వచ్చి, మగవాళ్ళు కూర్చున్న తిన్నె చివర కూర్చొని జుట్టు ఆరబెట్టుకుంది. ఎవరు పోయినారని వాళ్ళలో ఒక్కడూ అడగలేదు.